పాతర

రాత్రి రెండున్నర. దేజన్‌లో మంచు.
ముప్పై డిగ్రీల దగ్గర గాజు కుండ తిరుగుతోంది,
లోపల నా పశువులు మేస్తున్నాయి.
పశువులనే అంటాను,
మేపేదాన్నీ పితికేదాన్నీ నేనే కదా.

చక్కెర విచ్చలవిడిగా పోస్తాను,
నత్రజని మాత్రం చిటికెడు దాటనివ్వను.
ఒక చేత్తో విందు, ఇంకో చేత్తో కరువు.
పెరగలేక, రెండుగా చీలలేక
ఒంట్లోనే పాతర తవ్వుకుని
రేపటికి దాచుకుంటాయి.
సూక్ష్మదర్శినిలో చూస్తే
సగ్గుబియ్యం కుక్కిన సంచుల్లా ఉంటాయి.

ఆ రేపు నేను రానివ్వను.
పొట్టలు పగలగొట్టి పాతర దోచుకుంటాను.
మా లెక్కల్లో దాని పేరు దిగుబడి.

ఎక్కడి మట్టిలోదో వేరే సూక్ష్మజీవి,
దాని మూడు జన్యువులు తెచ్చి వీటికి అతికించడానికి
రెండేళ్లు పట్టింది. ప్లాస్టిక్ వచ్చింది.
గోటితో వంచితే అప్పడంలా విరిగింది.
ఇంకో ఏడాది. ఈసారి వంగింది.
దారం తీశాను, ముడి వేశాను, ముడి నిలిచింది.
ఆ సమయానికి ల్యాబులో ఎవరూ లేరు,
చెప్పుకోవడానికి ఫ్రిజ్ ఒక్కటే ఉంది.

మా పిల్‌నమ్ పిన్ని తొంగ్‌యంగ్ రేవులో ఆల్చిప్పలు ఒలుస్తుంది.
నలభై ఏళ్లుగా అదే కత్తి, పిడి మాత్రం ఐదోది.
చిప్ప తెరిస్తే ఒక్కోసారి
మాంసం మడతలో ఆవగింజంత థర్మోకోల్ పూస.
"ముత్యం" అని నవ్వి ఉఫ్‌మని ఊదేస్తుంది.

నా దారం ఆమెకే పంపాను.
నలభై వరసల ఆల్చిప్పలు దానితో కట్టి
సముద్రంలోకి వేలాడదీసింది.
ఎనిమిదో నెలలో, కోతకి మూడు వారాలుందనగా
కట్లన్నీ తెగి మొత్తం బురదలోకి.

నేను ఫోన్ చేయలేదు. తనే చేసింది.
తిట్లు పడతాయని ముందే తల వంచుకుని కూర్చున్నాను.

"నీ దారం తిన్నదెవరే?"
నీళ్లలో ఉండే పురుగులు పిన్నీ, కంటికి ఆనవు.
"చేసిందీ పురుగులే అన్నావుగా?"
అవును.
"ఓహో. వాళ్ల సొమ్ము వాళ్లే పట్టుకెళ్లారన్నమాట."

వెనకాల రేకు గంపలో చిప్పలు పడుతున్న చప్పుడు.
చాలాసేపు అదే.

"పోయిన వారం మీ బాబాయి తేలుడు దిమ్మ ఒకటి ఒడ్డుకొచ్చింది.
ఎర్ర రంగుతో తన పేరు రాసుకున్నాడే, గ్వాక్ దుషిక్ అని,
ఒక్క అక్షరం చెదరలేదు."
పడవతో సహా ఆయన పోయి పదకొండేళ్లు.
"మనిషిని ఎప్పుడో అరిగించుకుంది సముద్రం.
ఆ దిమ్మనే మింగలేక, కక్కలేక."

నాకు నోరు పెగల్లేదు.
పిన్నికి మాత్రం పెగిలింది:
"నలభై వరసల డబ్బు నువ్వే ఇవ్వాలి, చెబుతున్నా.
ఇంకో కట్ట పంపు.
ఈసారి దానికి కాస్త ఓపిక నేర్పి పంపు.
కోతదాకా ఆగమను. ఆ తర్వాత
ఎలా చస్తుందో చావమను."

ఓపిక.
ఏ జన్యువులో ఉంటుందది?
నోటు పుస్తకంలో రాసి కింద రెండు గీతలు గీశాను.

పిన్ని పంపిన కవరు బల్ల మీద ఉంది.
ఉప్పు వాసన.
లోపల జానెడు దారం, ఎలక కొరికినట్టు గాట్లు,
చివర ఆమె వేసిన ముడి.
ఇందాకటి నుంచి గోటితో విప్పుతున్నాను, రావడం లేదు.

మూడో పంపు మళ్లీ మొరాయించింది. వెళ్లాలి.
ఇది నత్రజని కట్టేసే వేళ.