మూడో గది గడప

బోర్డు రాయమంటే కొల్లాపూర్ పెయింటర్
ఫ్లెక్సీ కొట్టించి తెచ్చిండు.
"ప్రకృతికి హాని లేని విడిది" అని
నిలువెత్తు ప్లాస్టిక్ మీద, పచ్చ రంగుల.
నవ్వాల్నో తిట్టాల్నో తెల్వక
వానకు తడవకుండ కట్టెల మోపు మీద కప్పిన.
ఇప్పటికీ ఆడ్నే ఉన్నది,
కోళ్లు దాని కింద గుడ్లు పెడ్తయ్.

కృష్ణ ఒడ్డున మూడు గదులు మావి.
కట్టింది మా పెనిమిటి కుర్మయ్య.
పుణెల ఇరవై రెండో అంతస్తు దాక
సిమెంటు తట్ట మోసినోడు
తిరిగొచ్చినంక ఒక్కటే అన్నడు:
"ఇగ ఆ వాసన నా వల్ల గాదు."
ఎర్రమట్టి, వరిగడ్డి, సున్నం, బెల్లం నీళ్లు
తొక్కి తొక్కి గోడలు లేపిండు, మూరెడు మందం.
మే నెలల గూడ అరచెయ్యి ఆనిస్తే
కుండను ముట్టినట్టే ఉంటది.

అయినా దిగంగనే అడుగుతరు,
"ఏసీ ఏది?"
గోడ చూపిస్త.
"రిమోటు?"
కిటికీ చూపిస్త.
కొందరు నవ్వుతరు. కొందరు కారు తిప్పుకుంటరు.
ఆ టైర్ల దుమ్ము ఆరేసిన దుప్పట్ల మీద వాల్తది,
మల్ల కుంకుడుకాయలు కొట్టాలె.

నీళ్ల లెక్క నాది.
మనిషికి రెండు బకెట్లు, ఒక బిందె.
ఎదురుంగ సముద్రమంత నీళ్లు పెట్టుకొని
ఈ పిసినారితనమేందమ్మా అని ఒకాయన అలిగిండు.
ఏం జెప్త?
ఆ నీళ్ల కింద మా అత్తగారి ఊరున్నది సారూ,
ఊరిచ్చి కొన్న నీళ్లను ఊకెనే పారబోయలేను అనా?
జెప్పలే.
ఇంకో అర బకెట్ ఇచ్చిన.

తానం నీళ్లు అరటిచెట్లకు పోతయ్.
ఒక పిల్ల, ఆరేండ్లుంటయేమో,
తన సబ్బు నురుగు యాడికి పోతదో చూస్తనని
పుల్ల పట్టుకొని కాలువ వెంబడి నడిచింది.
అరటి మొదట్ల గొంతుక్కూసొని
"తాగుతోంది" అన్నది గుసగుసగ.
వాళ్లమ్మ ఫోన్ల ఉన్నది, ఇనలే.

అన్నీ సక్కగ లేవు, అబద్ధమెందుకు.
వచ్చే కార్లు నాలుగు గంటలు డీజిల్ తాగొస్తయ్.
సోలార్ బ్యాటరీ సచ్చిపోతే యాడ పారెయ్యాల్నో
అమ్మినోడే జెప్పలే, మంచం కింద దాసిన.
దసరాకు పన్నెండు మంది పిలగాండ్లు
డీజే బాక్సులు దించుకుంటమన్నరు,
మూడు రాత్రులకు ముప్పై వేలు.
సంఘంల తీసిన లోను కిస్తి కండ్లల్ల తిరిగింది.
ఒడ్డు మీది ఈతచెట్లకేమో గిజిగాని గూళ్లు.
వద్దన్న.
కుర్మయ్య ఆ రాత్రి నాతోని మాట్లాడలే.
నేను గూడ ముప్పై వేలను తలుసుకుంటనే పండుకున్న.

ఎండకాలం నది ఎనక్కి జరిగినప్పుడు
మునిగిన ఊరు ఎముకలు ఎముకలుగ తేల్తది.
మూడో గది గడపరాయి ఆడిదే.
బండి మీద ఏసుకొచ్చినం, ఎవలింటిదో తెల్వదు.
నడుమ అరిగి దొప్ప లెక్క గుంట వడ్డది.

పోయినేడు పుట్టి దిగి ఒక ముసలామె వచ్చింది,
ఈదమ్మ అట, అవుతలొడ్డున బిడ్డ కాడ ఉంటదట.
మంచినీళ్లడిగింది. తాగుకుంట తాగుకుంట ఆగింది.
వంగి, ఆ గుంటల బొటనవేలు పెట్టి తిప్పింది.
"మా మామ కొడవండ్లు నూరిన గుంట ఇది."
గదికెంత తీస్కుంటవే అంటే
రాత్రికి రెండు వేల రెండొందలన్న, గొంతు పెగలక.
ఆమె నవ్విన నవ్వుకు కొంగలు లేసినయ్.
"పదిహేనేండ్లు నన్ను ఊకెనే పండవెట్టింది గదనే మా అత్త,
ఎంత లుక్సానమయ్యింది!"

లోపలికి రమ్మన్న. రాలే.
"అప్పుడు గడప మీద కూసుంటే తిట్టేటోళ్లు" అనుకుంట
పొద్దుగూకేదాక ఆడ్నే కూసున్నది.
పోయేటప్పుడు చెంబుల మిగిలిన నీళ్లు
రాయి మీద పోసి, కొంగుతోని తుడిసింది.

ఆ నీళ్లు లెక్కల రాయలే.

రేపు మూడో గదికి ఇద్దరొస్తున్నరు.
దుప్పట్లు ఇంక ఆరలే.