పంతొమ్మిది అంగుళాలు

కేప్ కాడ్ కాలవ గట్టు మీద రాళ్లు
తెల్లారుజామున నాలుగున్నరకి
నూనె రాసినట్టు జారుతుంటాయి.
రాత్రి డ్యూటీ దిగి ఆసుపత్రి బట్టల మీదే
రబ్బరు ప్యాంటు తొడుక్కుని వస్తాను.
ఇల్డా పచేకో అప్పటికే అక్కడ ఉంటుంది.
డెబ్బై మూడేళ్లు. నడుముకి తువ్వాలు, నోట్లో ఆరిపోయిన చుట్ట.
రైలు వంతెన కింద పోటు ఎప్పుడు తిరుగుతుందో
గడియారంలో చూడదు,
నురగ ఎటు వంగిందో చూస్తుంది.

"చారలదాని కోసమా, నీలందాని కోసమా?"
రోజూ అదే ప్రశ్న, కాఫీ తాగావా అన్నట్టు.

చారలది పెద్దింటి మనిషి.
వెండి ఒంటికి ఏడు నల్లంచులు,
ఒకటి ఎక్కడో తెగి, మళ్లీ అతుక్కుని.
రాతి నీడన నిలబడి
వచ్చింది ఎరో మోసమో ఒకటికి రెండుసార్లు ఆలోచించి
నీకు కునుకు పట్టాక అందుకుంటుంది.
కొరికే పళ్లు లేవు. కింది పెదవి పట్టుకుని ఎత్తుతాం,
గరుకు కాగితం మీద బొటనవేలు రుద్దినట్టుంటుంది.
వసంతంలో ఏరెక్కి, మంచినీళ్లలో గుడ్లు పెట్టి,
మళ్లీ ఉప్పుకి దిగొస్తుందని ఇల్డా చెబితే
"అయితే మా పులసకి అక్కగారే" అన్నాను.
పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మావైపు.
దీన్ని పుస్తెలిచ్చినా ఇంటికి పోనివ్వరు,
ఇరవయ్యెనిమిది అంగుళాలకి తగ్గినా
ముప్పయ్యొకటికి చేరినా.
"పుస్తెలమ్మేంత రుచా?" అంది ఇల్డా.
"ముళ్లెక్కువ" అన్నాను.

నీలంది అప్పులవాడు.
తలుపు కొట్టడు, విరగ్గొడతాడు.
చిన్న చేపల గుంపు మీద పడిందంటే
ఎసరులా మరుగుతుంది సముద్రం,
తెగిన తలలు అలల మీద తేలి
గల్ పక్షులకి పిలవని పెళ్లిభోజనం.
ఆకలి తీరాక కూడా కొరుకుతూనే ఉంటుంది.
నైలాన్ తాడు దానికి సేమ్యా పోగు,
ఉక్కు తీగ కట్టాల్సిందే.
పోయినేడు జులైలో కొక్కెం తీయబోతే
చూపుడువేలికి మూడు కుట్లు.
ఊరందరికీ కుట్లేసే చేతికి
మా వార్డు టెరెన్స్ కుట్లేస్తూ
"చేపేనా?" అని రెండుసార్లు అడిగాడు.

నేనెవరి పక్షమో ఇంక చెప్పాలా.

సెప్టెంబరు. మంచు పలచగా ఉంది.
గేలం కర్ర కొస నిదానంగా వంగింది,
ఆలోచించి అందుకున్న బరువు.
"తొందరపడకు," ఇల్డా తల తిప్పలేదు.
పది నిమిషాలు లాగానో పన్నెండో.
అంతలో పక్షుల గోల. నీళ్లు మరిగాయి.
తాడు తేలికైంది.
తెగినంత తేలిక కాదు.
సగం తేలిక.

రాళ్ల మీదికి తల వచ్చింది, రెక్కలు వచ్చాయి,
ఆ తర్వాత ఏమీ రాలేదు.
ఏడంచులూ ఒక్కచోటే ఆగాయి
కత్తెరేసిన చీరలాగా.
నోరు ఇంకా తెరుస్తోంది, మూస్తోంది.

ఇల్డా వంగి టేపు పరిచింది.
"పంతొమ్మిది. చట్టం లెక్కన చిన్నపిల్ల. వదిలెయ్."
నవ్వాలో లేదో తెలీలేదు.
పెదవి పట్టుకుని నీళ్లలోకి దించాను.
లేని తోకతో ఈదబోయింది,
రెండుసార్లు.

నేను చేతులు కడుక్కునేలోగా
ఇల్డా కర్రకి నీలంది పడింది.
అక్కడికక్కడే గొంతు కోసి రక్తం వంపింది,
దీన్ని ఎండ వచ్చేదాకా ఉంచకూడదు.
పొట్ట చీల్చితే లోపల
మడత నలగని వెండి చర్మం ముక్క.
మూడు గీతలు లెక్కపెట్టాను.
ఇల్డా కూడా లెక్కపెట్టినట్టుంది,
చుట్ట ఈ మూల నుంచి ఆ మూలకి జరిగింది.
ఏమీ అనకుండా బక్కెట్టు నీళ్లు కుమ్మరించింది.

ఆదివారం వాళ్ల పెరట్లో
ఆపిల్ కట్టె పొగలో నాలుగు గంటలు.
నూనె కారుతూ, ఆవాల ముద్దతో,
రొట్టె మీద పెట్టి ఇచ్చింది.
మొదటి ముక్కకే ఆకలి తీరిపోయింది.
రెండోది అడిగాను.