ఎర్ర తీగ ఒకటి చాలు

రిచ్చీ స్ట్రీట్‌లో కాదర్ బాషా అంగడి
బీరువా అంత ఉంటుంది.
లోపల ఆయన, ఒక ఫ్యాను, వెయ్యి డ్రాయర్లు.
రిసీవర్ నా చేతిలో పెట్టి
అరవంలో ఒక్క మాటే అన్నాడు:
బ్యాటరీ ఆఖర్న కలుపు, పాపా.
మిగతాదంతా నేను కాల్చుకుని నేర్చుకున్నా.

మొదటిది ఆదివారం పోయింది.
పన్నెండు వోల్టుల తీగ
ఐదు వోల్టుల నోట్లో పెట్టాను.
పొగ అని కూడా అనలేం,
అగ్గిపుల్ల ఆర్పినంత వాసన.
ఏడొందల యాభై రూపాయలు.
అమ్మ అడగలేదు. నేను చెప్పలేదు.

రెండోదాని ముందు చేతులు తుడుచుకుని కూర్చున్నా.
ఎడమ చక్రాలకో కంట్రోలరు, కుడి చక్రాలకో కంట్రోలరు,
ఒక్కోదాని నుంచి మూడేసి తీగలు:
నల్లది నేల,
తెల్లది కబురు,
ఎర్రది కూడు.
ఇద్దరు అవ్వలు ఒకే బిడ్డ నోటికి
ఒకేసారి ముద్ద పెట్టబోతే
చేతులు కొట్టుకుంటాయి గదా,
రెండు ఎర్ర తీగలూ అంతే.
ఒకదాన్ని తియ్యాలి.
కొయ్యక్కర్లేదు, గుండుసూదితో
ప్లాస్టిక్ నాలుక కాస్త ఎత్తితే
పిన్ను దానంతటదే జారి వస్తుంది.
దాని మూతికి గొట్టం తొడిగి, లైటరుతో వెచ్చజేసి
వెనక్కి మడిచి కట్టేశా.
నల్ల తీగల జోలికి పోలేదు.
నేల ఒకటి కాకపోతే
ఎంత అరిచినా కబురు కబురు కాదు.

పెంచలయ్య మామ గడపలో కూర్చుని చూస్తున్నాడు.
కుడి చూపుడు వేలికి గోరు లేదు.
నెల్లూరు నుంచి తాత మోసుకొచ్చిన తెలుగులో
పులియంతోపు అరవం కలిపి మాట్లాడతాడు.
"ఏందిమే, దాన్ని ఇటుకల మీద ఎక్కించినావు?"
చక్రాలు గాల్లో ఉండాలి మామా.
ఏం చేస్తుందో తెలీకముందు నేల మీద పెట్టకూడదు.
"మమ్మల్ని అట్టా ఎవురూ ఎక్కించలా."
నవ్వాడో, దగ్గాడో.

ముందు రిమోటు వెలిగించా.
పుల్లలు నడిమధ్యన ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నా.
తర్వాత ఫ్యూజు. తర్వాత బ్యాటరీ.
రిసీవర్ మీది చిన్న దీపం
రెప్పలార్చి, నిలిచింది.
పుల్ల ముందుకి తోస్తే నాలుగు చక్రాలూ
ఇటుకల పైన గాలిని తొక్కాయి.
వరండాలో పిల్లలు ఈలలేశారు.

అప్పుడు రిమోటు ఆపేశా.

చక్రాలు ఆగలేదు.

ఈ రకం రిసీవరు, కబురు తెగిపోతే
ఆఖర్న విన్న మాటనే పట్టుకుని ఉంటుంది.
ముందుకు పో అని విన్నది గనక
ముందుకే పోతా ఉంది,
లేని చేతిని నమ్ముకుని,
నేను బ్యాటరీ పీకేదాకా.

మామ లేచి లోపలికొచ్చాడు.
"మ్యాన్‌హోల్ అడుగున దీనికి రేడియో అందుద్దా?"
అందకపోవచ్చు మామా. ఇనప మూత, తడి, సిమెంటు.
"అట్టయితే ముందు ఇది సరిజెయ్."

కాసేపటికి, అడక్కుండానే చెప్పాడు.
తమ్ముడి నడుముకి తాడు. పైన తను.
ఒక గుంజుడుకి బొక్కెన లాగాలి.
రెండు గుంజుళ్లకి గడ్డపార దించాలి.
ఏ గుంజుడూ లేకపోతే?
"పని జరగతా ఉండాది అనుకున్నా."

రిసీవర్ పక్కన సన్న బటను ఉంది.
పుల్లలు మధ్యలో నిలిపి
దీపం రెండుసార్లు మిటకరించేదాకా నొక్కి పట్టా.
కబురు లేకపోతే ఆగు, అని చెప్పడం అదే,
నోరు లేకుండా.
మళ్లీ మొదట్నుంచి: ఇటుకలు, రిమోటు, ఫ్యూజు, బ్యాటరీ.
పుల్ల తోశా. చక్రాలు తిరుగుతుండగా
రిమోటు మామ చేతిలో పెట్టా.
గోరు లేని వేలితో స్విచ్చి తడుముకుని
ఆపాడు.

చక్రాలు ఆగాయి.

"ఇంకోసారి."

పదకొండోసారికి పిల్లలు విసిగి మెట్లు దిగిపోయారు.
మోటార్లు కాలుతున్నాయి మామా, అన్నా.
ఆయన మంచం కింద నుంచి తాడు చుట్ట లాగి
బండి వెనక కొక్కేనికి ముడేశాడు,
నాకు రాని ముడి.
"ఇది గూడా ఉండనీ."