ఆండర్సన్ వీధిలో కిటికీ

ఆండర్సన్ వీధిలో, కాగితాల కొట్టు అటక మీద
కిటికీ లేని గదిలో కూర్చుని
కిటికీ ఒకటి చేస్తున్నాను.
మౌసుతో జరిపితే జరిగేది,
మూలన ఇంటూ గుర్తు ఉండేది.

పద్దెనిమిదేళ్లు చేత్తోనే రాశాను బిల్లులు.
గోళ్లలో దిగిన కార్బన్ నీలం
పెళ్లినాడు పసుపుకి కూడా లొంగలేదు.
"ఇంక కంప్యూటర్లో రావాలి వకుళమ్మా" అని
శెట్టిగారు పాత మిషనొకటి తెచ్చి పడేశారు.
బిల్లు కొట్టే ప్రోగ్రామ్ కొనడానికి మాత్రం
ఆయనకి చెయ్యి రాలేదు.
నేనే రాస్తానన్నాను.
అన్నాక భయమేసింది.

మొదటిరోజు బటన్ పెట్టాను. నొక్కాను.
లోపలికి దిగింది, పైకి లేచింది, అంతే.
సాయంత్రందాకా నొక్కుతూనే ఉన్నాను,
మనుషుల్లేని ఇంటి కాలింగ్ బెల్లులా.
బటన్‌కీ లోపలి పనికీ మధ్య తీగ
నేనే కలపాలని ఎవరు చెప్పారు కనక!

రెండోవారం, నూటికి పన్నెండు కలిపితే
పదివేల పన్నెండు వచ్చింది.
శెట్టిగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి
"లాభం బాగానే ఉందే" అన్నారు.
గడిలో పడ్డది అంకె కాదట, అక్షరాలట.
పక్కపక్కన అతికించేసింది మహాతల్లి.
మార్చి, ఆ తర్వాతే కలపాలి.
పాత పెళ్లికార్డు వెనక రాసి పెట్టుకున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు, స్టాకు ఒక్కటీ ఒక ఎత్తు.
'స్టాకు చూపు' నొక్కానో లేదో
నాలుగువేల రకాల కాగితం వెదుక్కుంటూ
కిటికీ కొయ్యబారిపోయేది.
సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయేది.
ఇంటూ నొక్కినా పోదు, బతిమాలినా పలకదు.
మా ఆడబిడ్డ అలిగిన రోజు
అచ్చం ఇలాగే ఉంటుంది.

మూడు రాత్రులు. వాన. రేకుల మీద ఒకటే మోత.
రీముల మీద పట్టా కప్పడానికి పైకొచ్చాడు
ఏకాంబరం, మా మీన్‌బాడీ బండి తొక్కేవాడు.
ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది.
అతని తమిళంలో నా తెలుగు కలిపి
మొదటి వరుస నించి చెప్పుకొచ్చాను.
బీడీ వెలిగించబోయి, చుట్టూ కాగితాలు చూసి
చెవి మీద దోపుకున్నాడు.

"ఒక్కడేనా ఉన్నది?" అన్నాడు.
"ఎక్కడ?"
"నీ కిటికీలో. వాడే గోడౌనుకి పోతే
కౌంటర్లో ఎవరు? గిరాకీ పిలిస్తే
పలికేదెవరు?"

వాన ఆగినట్టయింది.
ఆగలేదు.

ఆ రాత్రే ఇంకో మనిషిని పెట్టాను.
వెదకడం వాడిది, పలకడం వీడిది.
తీరా చూస్తే గోడౌనువాడు
సరుకు తెచ్చి తిన్నగా నా పద్దులోనే రాయబోయాడు,
ప్రోగ్రామ్ మొత్తం కుప్పకూలింది.
ఈసారి ఎవరినీ అడగలేదు.
ఏకాంబరం ఏనాడైనా నా పుస్తకం ముట్టాడా?
గుమ్మంలో నిలబడి కేకేస్తాడు,
"ఎనభై జీఎస్సెమ్, పన్నెండు రీములు!"
రాసుకునేది నేను.
నువ్వూ అలాగే కేకెయ్యి అన్నాను వాడితో.

కదిలింది.
అక్కడ నాలుగువేల రకాలు వెదుకుతుంటే
ఇక్కడ కిటికీని పట్టుకుని అటు లాగాను, ఇటు లాగాను,
చంటిపిల్లని చంకనేసుకుని గదంతా తిప్పినట్టు,
కరెంటు పోయేదాకా.

పొద్దున్నే మొదటి బిల్లు. కీచుమంటూ వచ్చింది.
ఏకాంబరం వేలు పెట్టి లెక్క చూసి
కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.
బండిలో ఐదు కట్టలు, బిల్లులో నాలుగు వరుసలు.
మొదటిది మాయం.
నేను ఒకటి నించి లెక్కపెట్టాను.
మిషనుకి మొదలు సున్నా.

చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
"పొద్దున ఖాళీబండి తొక్కుకుంటూ వస్తానే,
అదీ ఒక నడే కదా.
కూలి కట్టేటప్పుడు దాన్నెవరూ లెక్కపెట్టరు."

కింద నించి శెట్టిగారు
బిల్లేదని అరుస్తున్నారు.
ఒకటి చెరిపి
సున్నా పెట్టాను.