బరువు దిగినాక

గ్రీమ్స్‌పేట స్పీడ్‌బ్రేకరు ఎక్కినప్పుడల్లా
ముందు ఎడమ చక్రం దగ్గర ఒక టక్,
కాస్త ఆలస్యంగా ఇంకో టక్,
మాటకి మాట అప్పజెప్పినట్టు.

రెండు తలుపుల ఎర్ర బండి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడౌన్‌లో
పదకొండేళ్ళు టార్పాలిన్ కింద నిలబడింది.
ఎండలో పెడితే ఇప్పటికీ తోతాపురి వాసన.
పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే దానికి
ఇద్దరే పట్టే కారు దేనికని
స్టాఫ్‌రూమ్ మొత్తం అడిగింది.
జవాబు దొరికితే చెప్తానన్నాను.

గౌస్ పీర్ బండి కింద పడుకుని
"ముందుకీ ఎనక్కీ ఊపు మేడమ్" అన్నాడు.
ఊపాను. చాలాసేపు పలకలేదు.
తర్వాత నేలమీంచే అన్నాడు:
"సైలెంట్ బుష్షు. ఆ పేరెందుకు పెట్టినారో
అది పోయినాకే తెలస్తాది."

ఊడదీసిన లోయర్ ఆర్మ్ బల్ల మీద.
గొట్టంలో గొట్టం, రెండూ ఇనుమే.
మధ్యన ఉండాల్సిన రబ్బరు
వేలితో తోస్తే మాడిన అటుకుల్లా రాలింది.
ఒక పక్కన రాలడానికి కూడా ఏమీ లేదు.
అక్కడ ఇనుమే ఇనుముని కొరికి
అద్దంలా మెరిసే గాటు చేసింది.

"ఎవరో గాల్లో బిగించినారు దీన్ని"
అన్నాడు పీర్,
పోయిన మనిషి చేతిరాత గుర్తుపట్టినట్టు.

కోయంబత్తూరు నుంచి పసుప్పచ్చ పాలీ బుష్షులు వస్తాయట.
జన్మకి అరగవు.
కాకపోతే దారిలో ప్రతి గులకరాయీ
నీ వెన్నుపూసకి పేరూ ఊరూ చెప్పుకుని పోతుంది.
"పందేలకా, పెనుమూరు పోయి రాడానికా?"
పోయి రాడానికే.
"అయితే రబ్బరే."

ఆ కొలత ఎక్కడా దొరకలేదు.
ఏదో వ్యానుది తెచ్చి, పై గొట్టం అర మిల్లీమీటరు
చెంగల్రాయుడి లేతు మీద చెక్కించాం.
తొమ్మిది వేళ్ళతో వెర్నియర్ పట్టుకుంటాడాయన.
నేను బోర్డు మీద గంటసేపు గీసే టాలరెన్సు
గోటి అంచుతో ఒకసారి తడిమి
"సాలు" అంటాడు.

ఎక్కించేటప్పుడు గ్రీజు డబ్బా అందుకోబోతే
పీర్ నా చెయ్యి పక్కకు నెట్టాడు.
గ్రీజు రబ్బరుని తినేస్తుంది.
ఇంటికి ఫోన్ చేసి
జుమ్మా పూట పిల్లల తలలకి రుద్దగా మిగిలిన
కుంకుడు రసం గిన్నెతో తెప్పించాడు.
వైసు నడుమ నురగ.
దిలీపు పానా తిప్పుతూ తిప్పుతూ
ఎటో చూశాడు. మొదటి బుష్షు ఓరగా దిగి చీలింది.
ఎవరూ తిట్టలేదు, అదే వాడికి ఎక్కువైంది.
పార పట్టుకుని షెడ్డు ముందు కాలవ తవ్వుతూ కూర్చున్నాడు,
ఎవరూ తవ్వమనని కాలవ.

మళ్ళీ లేతు. మళ్ళీ కుంకుడు.
కరెంటు పోయి వచ్చిన తర్వాత ఎప్పుడో
గుప్ మని కూర్చుంది.

అంతా అయిందనుకున్నాను.
బోల్టులు మాత్రం వదులుగానే ఉంచి
జాకీ దించాడు.
నన్ను స్టీరింగు ముందు కూర్చోమన్నాడు,
పక్క సీట్లో దిలీపుని,
డిక్కీలో పెట్రోలుకి బదులు ఇసక మూట.
"బరువు దిగినాకే బిగించాల.
గాల్లో బిగిస్తే, కిందికి దిగిన కాడి నుంచీ
మెలి తిరిగే ఉంటాది. ఎన్నాళ్ళు ఓర్చుకుంటాది పాపం."

రెంచి అందివ్వాలా, లైటు పట్టుకోవాలా అని అడిగాను.
"ఏమొద్దు. ఊరికే కూర్చో."
చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.
పది నిమిషాలు
బరువుగా ఉండడమొకటే నా పని.
ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో
నాకెవరూ అప్పజెప్పని పని అది.
కింద పానా కర్రుమంటోంది,
కాళ్ళ కింద పలకలోంచి తెలుస్తోంది.

చీకటి పడ్డాక ముగ్గురం పట్టం గనక
దిలీపుతో మాత్రం బయల్దేరాను.
గ్రీమ్స్‌పేట స్పీడ్‌బ్రేకరు.
ఎక్కింది. దిగింది.
ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడంలోంచి
సన్నగా ఒక కిర్రు,
ఇన్నాళ్ళూ టక్ చాటున బతికేసినది.
తలుపుదా, సీటుదా?
దిలీపు చెవి ఒగ్గి, పొద్దున్నించి మొదటిసారి నవ్వి,
"ఇంకో రౌండు పోదాం మేడమ్" అన్నాడు.