ఏరు దాటిన అంకెలు

ఆఖరి తేదీ సాయంత్రం నాలుగున్నరకి
స్టాఫు రూములో మిగిలింది మేమిద్దరం,
మూత సరిగా నిలబడని ఒక లాప్‌టాపూ.

ఓలేటి సత్యవేణి, పదో తరగతి బి సెక్షను.
కుర్చీ ఉన్నా నిలబడే ఉంది.
కాకినాడ ఇంజనీరింగు కాలేజీలో
వేసవిలో పదిహేను రోజులు
హైస్కూలు పిల్లలకి పాఠాలు, ప్రయోగాలు,
హాస్టలు, భోజనం, అన్నీ ఉచితం.
జిల్లాకి నలభై సీట్లు.
నోటీసు నా చేతికొచ్చేసరికి
వారం పాతబడింది.
మా లంకకి ఏదైనా
పోటూ పాటూ చూసుకునే వస్తుంది.

తండ్రి వృత్తి దగ్గర నాలుగే గళ్ళు:
రైతు, ఉద్యోగి, వ్యాపారి, ఇతరులు.
రొయ్యల చెరువు గట్టు మీద
ఏరేటర్లు ఆగిపోకుండా
రాత్రంతా మేలుకునే ధనరాజుని
ఇతరుల్లో కూర్చోబెట్టి ముందుకి జరిగాం.
కుటుంబ ఆదాయం ఎంతంటే
"ఏ నెలదండీ?" అంది పిల్ల.

ఈ శిబిరానికి ఎందుకు రావాలనుకుంటున్నావో
వంద మాటల్లో రాయమన్నారు.
కిటికీలోంచి ఏటికేసి చాలాసేపు చూసి
పదకొండు రాసింది.
"మా బావి నీళ్ళు మూడేళ్ళలో ఉప్పగా మారాయి.
ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేను తెలుసుకోవాలి."
మిగతా ఎనభై తొమ్మిదీ నేను చేర్చబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చివరి బొత్తాం నొక్కాం.
మీ మొబైలుకి ఆరు అంకెలు పంపాం,
పది నిమిషాల్లో నింపండి, అంది తెర.

ఆ మొబైలు
ఏటికి అవతల
ధనరాజు చొక్కా జేబులో ఉంది.
గాలివానకి టవరు ఒరిగిన దగ్గర్నుంచి
మా గట్టుకి నెట్టు తీగలో వస్తుంది,
మాట రాదు.

నేను ఇంకా దారులు ఆలోచిస్తూనే ఉన్నాను,
సత్యవేణి అప్పటికే రేవులో ఉంది.
చెప్పులు మెట్ల దగ్గరే వదిలేసింది.

తర్వాతది నేను చూడలేదు, విన్నాను.
ఏటి నడుమ సంగాడి ఏడుకొండలు పడవ.
సత్యవేణి కేక పడవకి,
పడవ కేక అవతలి గట్టుకి,
అక్కడ మేత బస్తాలు దించుతున్న కుర్రాడి నుంచి
ధనరాజుకి.
ఏరేటర్ల హోరులో ఆ మనిషి
మొదట కూతురికేదో అయిందనుకున్నాడట.

అంకెలు అదే దారిన తిరిగొచ్చాయి.
నాలుగు.
సున్నా అంటే వినపడక
ఏడుకొండలు గెడతో గాలిలో గుండ్రం చుట్టాడు.
ఏడు. ఒకటి.
తొమ్మిదా, తొంభయ్యా?
తొమ్మిదేనెహే!
రేవు నుంచి బడి దాకా
వాలీబాల్ ఆపేసిన ఎనిమిదో తరగతి మగపిల్లలు
ఒకడి నోటి నుంచి ఒకడు అందుకుంటూ
ఇటిక బట్టీలో ఇటికలు అందించినట్టు
నా కిటికీ దాకా చేర్చారు.
రెండు.
ఇంకా నలభై సెకన్లున్నాయి.
నా వేళ్ళే ఆలస్యం చేశాయి.

మే నెలాఖరున తిరిగొచ్చింది.
సంచిలో బావి నీళ్ళు పట్టుకెళ్ళిన సీసా, ఖాళీగా.
"ఉప్పు కొలిచే మిషను పెన్నంతే ఉందండీ మేష్టారూ"
అంటూ నా జేబులో పెన్నుకేసి చూసింది.
బావి ఎందుకు మారిందో
సగమే తెలిసిందట.
మిగతా సగానికి
ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో అడిగింది.

మొన్న ఏరు దాటుతుంటే
ఏడుకొండలు మోటారు ఆపి అన్నాడు:
"ఆ నెంబరు నాకింకా గుర్తుందండి.
నాలుగు సున్నా ఏడు ఒకటి తొమ్మిది రెండు.
మా బుడ్డోడు ఏడో తరగతికొచ్చాడు.
ఆడిక్కూడా అదే పనిచేత్తాదాండీ?"

అది ఒక్కరికేననీ, ఒక్కసారికేననీ,
పది నిమిషాలు దాటితే
ఉత్త అంకెలేననీ
నోటిదాకా వచ్చింది.

"మర్చిపోకు" అన్నాను.
అబద్ధం చెప్పానో లేదో
రేవు వచ్చేదాకా తేల్చుకోలేకపోయాను.