దోర

కెలిమానిలో బస్సు దిగి సైకిల్ టాక్సీ ఎక్కాను.
వెనక సీటు మీద నేను, ఒళ్ళో లాప్‌టాప్,
అందులో నూట పన్నెండు ప్రశ్నలు.
"యూనివర్సిటీకా? పరీక్ష ఉందా?" అన్నాడు తొక్కేవాడు.
ఉంది. కాకపోతే ఈసారి రాసేది యూనివర్సిటీ.
నవ్వాడు. అంతలో గొలుసు ఊడింది.

డిజిటల్ పరిపక్వత కొలవడం నా ఉద్యోగం.
ఒకటి నుంచి ఐదు దాకా మెట్లు.
కింది మెట్టు వాళ్ళని చిన్నబుచ్చకూడదని
మపూతోలో మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు.
పై మెట్టు మీద
ఇంతవరకు ఎవరూ నాకు ఎదురుపడలేదు.

రెక్టరుగారి గదిలో ఏసీ ఉంది, కాఫీ ఉంది,
బాణం గుర్తులతో పైపైకి పోయే స్లైడ్లున్నాయి.
కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. రిబ్బను కత్తిరించారు.
దాని పాస్‌వర్డు తెలిసిన కుర్రాడు
నిరుడు బ్యాంకులో చేరిపోయాడు.
"కొనుగోలు" ఎదురుగా టిక్కు పెట్టాను.
"వాడకం" దగ్గర కర్సర్
కొట్టుకుంటూ నిలబడింది.

రిజిస్ట్రీ కింది అంతస్తులో.
గోడ మీద నడుమెత్తున నీటి గీత,
తుఫాను పెట్టిపోయిన సంతకం.
ఎర్మెలిందా అక్కడ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గుమస్తా.
తడిసిన మార్కుల పుస్తకాల్ని
పేజీ పేజీ ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టిందట.
"కాయితాన్ని నమ్ముకున్నారన్నమాట," అన్నాను,
రాసుకోవడానికి బాగుంటుందని.
"నమ్మకమేమిటి మేడమ్," అంది.
"కాయితం తడుస్తుంది."

బెంచీ మీద ఒతీలియా అనే అమ్మాయి.
పట్టా కోసం రెండేళ్ళుగా తిరుగుతోంది.
జలశాస్త్రంలో ఆమె మార్కు
ముందు అంకె నీళ్ళలో కరిగిపోయింది,
వెనక తొమ్మిది మిగిలింది.
ఇరవైకి తొమ్మిదా, పందొమ్మిదా?
తొమ్మిదైతే తప్పింది.
పందొమ్మిదైతే ఆ ఏటికి మొదటిది.
వేసిన మాస్టారు పోయారు.
జలశాస్త్రమే! ఇంకేదీ దొరకలేదు నీళ్ళకి.

ఆ తుఫాను తర్వాత నుంచి
ఎర్మెలిందా ప్రతి సాయంత్రం
ఆ రోజు నింపిన పేజీలు
సొంత ఫోనుతో ఫొటో తీసి
నంపూలలో ఉన్న చెల్లెలికి పంపుతుంది.
చెల్లెలు చేపలమ్ముతుంది,
చేపల ఫొటోల పక్కనే
మూడు వేల ఏడు వందల మంది మార్కులు.
డేటా డబ్బులు ఎవరిస్తారంటే
ఆమె తన పర్సు వైపు గడ్డంతో చూపించింది.

నా ప్రశ్న నలభై ఆరు:
బ్యాకప్ విధానం ఆమోదించిన పత్రం సంఖ్య?
చెల్లెలికి సంఖ్య లేదు.

వెళ్ళబోతుంటే ఆమె సొరుగు లాగింది.
పాత ప్రశ్నపత్రాల మధ్య
మామిడికాయలు మాగబెట్టి ఉన్నాయి.
ఒకటి తీసి బొటనవేలితో నొక్కి చూసి
"ఇంకా దోర. రెండు రోజులాగి తినండి," అంది.
"మందు వేసి పండిస్తే
పైకి పసుపు, లోపల పళ్ళు పులిసే పులుపు."
రెక్టరుగారి స్లైడ్ల రంగు గుర్తొచ్చింది.
ఆమె ఉద్దేశం అది కాకపోవచ్చు.

రాత్రి ప్రహరీ పొడుగునా విద్యార్థులు,
ముఖాల మీద నీలం వెలుగు.
లైను పడిపోయినప్పుడల్లా
కాపలాదారు జెర్వాజియు లోపలికెళ్ళి
రౌటర్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేస్తాడు.
ఎవరు నేర్పారో అడగలేదు.
ఇక్కడి నది పేరు మంచి శకునాల నది.
పోర్చుగీసులో శకునమన్నా సిగ్నలన్నా ఒకటే మాట.
జెర్వాజియు బయటికొచ్చి బొటనవేలు ఎత్తితే
గోడంతా ఒక్కసారి
తలలు వంచుకుంటుంది.

లాడ్జిలో లెక్క కట్టాను: రెండు పాయింట్ నాలుగు.
ఫారం దశాంశాల్ని ఒప్పుకోదు.
రెండు అని సరిచేసి
ఆకుపచ్చ టిక్కుతో పంపేసింది.

తుడిచిపెట్టుకుపోయిన ఆ నాలుగులో
ఒక ఇస్త్రీపెట్టె ఉంది,
ఒక చేపల బుట్ట ఉంది,
పదంకెల విరామం ఉంది.
"వ్యాఖ్యలు" అన్న గడిలో రాయబోయాను.
రెండు వందల అక్షరాలు దాటకూడదంది.
ఒతీలియా తొమ్మిది ముందు ఖాళీ గురించి
మొదలుపెట్టేసరికి నిండిపోయింది.

ఇంటికి చేరేసరికి సంచిలో మామిడికాయ
ఒక పక్క మెత్తబడింది,
ఇంకో పక్క అలాగే గట్టిగా.
ఏ పక్క నొక్కి చెప్పమంటారు?